ఎస్తేరమ్మ అర్పణ, మా ఫ్రిజ్

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ఆయన పోయారు, ఇక చెప్పే వీలూ లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోంది. ఇన్నేళ్లుగా గుండెల మీద మోస్తున్న బరువేమిటో వింటే నవ్వుతారేమో. కాస్త మేకమాంసం. అంతే. అంతేనా?

ఎనభైలలో మేము అమీర్‌పేటలో ఒక వాటాలో అద్దెకుండేవాళ్లం. మాది గుంటూరు వైపు. మా ఆయనకు ఎర్రమంజిల్‌లో ఆఫీసు. ఆ ఆవరణలో ఫ్రిజ్ మా ఒక్కరికే ఉండేది. ఐసు ముక్కల కోసం ఎవరొచ్చినా విసుక్కున్నట్టు నటించేదాన్ని గాని, లోపల ఎంత గర్వమో! వెనక గదిలో ఎస్తేరమ్మ ఉండేది. పంజాగుట్టలో మేం వెళ్లే చర్చికే వచ్చేది. ఆమె భర్త సినిమా సెట్లకు వడ్రంగి. పనిలో పైనుంచి పడి, చాలాకాలం మంచాన ఉండి, మళ్లీ లేచి నడిచాడు. ఆ సంతోషంలో తను పెంచుకున్న మేకపోతును దేవుడికి ఇస్తానంది.

మొక్కుకుందేమో అనుకున్నాను. కాదట. ఇవ్వాలనిపించింది, అంతే. అలాంటిదాన్ని స్వేచ్ఛార్పణ అంటారని, ఆనాటి ఇశ్రాయేలీయులు దాని మాంసాన్ని అర్పించిన రోజూ మర్నాడూ తినవచ్చుగాని, మూడో రోజుకు మిగిలితే కాల్చేయాలని, అప్పుడు తింటే దేవుడు ఆ అర్పణను అంగీకరించడని పాస్టరుగారు ఒక ఆదివారం చెప్పారు. ఇప్పుడు ఆ బలులు లేవమ్మా అని ఆయన నవ్వినా ఎస్తేరమ్మ వినలేదు. ఇచ్చేది పద్ధతిగా ఇవ్వాలని ఆమె పట్టు. ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్లకు చాలావరకు వండి పెట్టింది. మిగిలింది మర్నాడు సాయంత్రం ఎదురుగా కడుతున్న మేడ దగ్గరి కూలీలకు పెడతానని, పచ్చిమాంసం గిన్నెలో వేసి మా ఫ్రిజ్‌లో దాచింది.

మర్నాడు పొద్దున్నే మా తోడికోడలు దిగింది, చెప్పాపెట్టకుండా. నన్ను ఏనాడూ లెక్కచేయని మనిషి. ఫ్రిజ్ చూపించాను. చూపించకుండా ఉండగలనా? తలుపు తీసి, "అబ్బో, వేటమాంసం గిన్నె నిండా ఉందే!" అంది. మా ఇంటి గురించి ఆమె నోట వచ్చిన మొదటి మంచిమాట అది. "మాది కాదు" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. మధ్యాహ్నం అదంతా కూర వండాను. ఎస్తేరమ్మను అడిగితే ఇచ్చేదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ అడిగితే ఆ గిన్నె నాది కాదని తోడికోడలికి తెలిసిపోతుందే! ఆ పిసరంత పరువు కోసం, దేవుడి పేరున పక్కన పెట్టినదాన్ని వడ్డించాను. ఇంకాస్త వేసుకోమని బలవంతం కూడా చేశాను, మిగిలింది డబ్బాలో పెట్టిచ్చాను.

ఆమె వెళ్లిపోయాక, సాయంత్రం ఎస్తేరమ్మ వచ్చింది. అప్పటికే మసాలా నూరి పెట్టుకుందట.

"కరెంటు పోయింది ఎస్తేరమ్మా. మాంసం వాసన కొట్టింది, పారేశాను," అన్నాను.

పగలంతా ఆమె కృష్ణానగర్‌లో కుట్టుపనికి పోతుంది కాబట్టి కరెంటు సంగతి తెలియదు. అదీ ఆలోచించుకునే అన్నాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"మూడో దినం దాంక ఉంచితె గదా వదినా దేవుడు ఒప్పుకోనిది. నాది రెండో దినమే ఖరాబైంది," అంది. ఖాళీ గిన్నె అందుకుని, "నేనేం తప్పు చేసిన్నో ఏందో," అంది.

"అదేంటి, కరెంటు పోతే నీ తప్పేముంది?"

"నువ్వు ఫికర్ చెయ్యకు వదినా. నీదేం లేదు."

నన్ను ఓదార్చింది!

ఆ తర్వాత ఆమె తన పాత తప్పులన్నీ తవ్వుకుంది. ఎప్పుడో అత్తకు ఎదురు చెప్పిందట, అదేనేమో అనేది. భర్త నడుం నొప్పి అంటే చాలు, వణికిపోయేది. ప్రభు సంస్కారం తీసుకోవడం మానేసింది. అందరూ లేచి ముందుకు వెళుతుంటే వెనక చాప మీద తల వంచుకుని కూర్చునేది. నేను? ఆమె పక్కనుంచే, తలమీద కొంగు కప్పుకుని వెళ్లి, చేయి చాచి రొట్టె తీసుకునేదాన్ని. ఎలా మింగానో ఇప్పటికీ నాకు తెలియదు.

చెబుదామని చాలాసార్లు ఆమె గడప దాకా వెళ్లాను. కాస్త చక్కెర అడిగి తిరిగొచ్చాను. మాంసం తీసుకున్నందుకైతే క్షమించేదే. కానీ దేవుడు తనను కాదన్నాడని ఆమె పడుతున్న ఏడుపుకు నేనే కారణమని ఏ ముఖంతో చెప్పను? రోజులు గడిచేకొద్దీ అది ఇంకా కష్టమైపోయింది. చివరికి వాళ్లు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికని కనుక్కోలేదు. నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకు హాయిగా అనిపించింది. అందుకూ సిగ్గుపడుతున్నాను.

దేవుడి ముందు ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. ఆయనకు ముందే తెలుసు, అందుకే అది సులువు. తెలియనిది ఆమెకే. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలోనూ లేదు. ఒక్కరికైనా పైకి చెప్పాలనిపించింది. ఎస్తేరమ్మ తప్పేమీ లేదు. మాంసం శుభ్రంగా ఉంది. ఆ రోజు కరెంటు పోలేదు.