నాన్న అజీర్తి
రాయపూర్ రైల్వేలో గ్యాంగు మేస్త్రీగా పట్టాల వెంట నడిచినన్నాళ్ళూ నాన్నకు రాళ్ళు తిన్నా అరిగేవి. ఆఫీసులో గుమాస్తా కుర్చీ దొరికాక కడుపుబ్బరం, మలబద్ధకం పట్టుకున్నాయి. కూతవేటు దూరానికి కూడా రిక్షా ఎక్కేవాడు. డాక్టరు మందు రాయకుండా రోజూ నడవమన్నాడు. నాన్న ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాడు.

"ఆఫీసు బాబునయ్యాక కూడా పైదల్ తిరగాలేటే? మళ్ళీ గ్యాంగులోకి తోసేసినారనుకోరా చూసినోళ్ళు? ఖరాబీ అంతా నీ వంటలోనే ఉంది."

మర్నాటి నుంచి మా ఇంట్లో కందిపప్పు, చింతపండు, మిరపకాయ బంద్. పొద్దున్నుంచీ నీళ్ళు మోసి, పిండి విసిరే అమ్మకు అజీర్తి అంటే ఏమిటో తెలీదు. అయినా ఆవిడా, మేమూ ఆయన పోయేదాకా చప్పిడి కూడే తిన్నాం. కూర్చున్నది ఆయన, పథ్యం మాకు.