ఖాళీ కత్తెర

మనవరాలి బడి డైరీలో టీచరు ఒక వాక్యం రాసి పంపారు: కత్తెర పట్టనంటోంది, ఇంట్లో అలవాటు చేయించండి. పాపకు ఐదేళ్లు. అమ్మానాన్నలు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా మధ్యాహ్నాలు నా దగ్గరే ఉంటుంది. నా భార్య పోయి నాలుగు నెలలైంది. అప్పటి నుంచి ఆ మధ్యాహ్నాలు ఎలా గడపాలో మా ఇద్దరికీ సరిగా తెలియడం లేదు.

ఫ్యాన్సీ స్టోరుకు వెళ్లి మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర తెచ్చాను. పాత పేపరు ఒకటి చేతికిచ్చాను. పాప ఒక్కసారి కత్తిరించింది, కత్తెర మూసింది, కింద పెట్టేసింది.

"ఇంగా కొయ్యి," అన్నాను.

"వద్దు తాతా. ఊరికే తెరిచి మూస్తా ఉంటే ఇంట్లో కొట్లాటలొస్తాయి. అవ్వ చెప్పింది."

నిజమే, చెప్పింది. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేది. కుట్టుమిషను సొరుగులోని పెద్ద కత్తెరను పాప టకటకలాడిస్తే, "ఏమే, ఇంట్లో కొట్లాట పెట్టేదానికి వచ్చినావా?" అని లాక్కునేది. ఉత్త కత్తెర ఆడించకూడదని మా వైపు చాలా ఇళ్లలో అంటారు. నాకు అందులో నమ్మకం లేదు. అయినా అది వట్టి మాటని పాపతో చెప్పలేకపోయాను. అవ్వ దగ్గర నుంచి ఆ పిల్లకు మిగిలినవి కొన్ని మాటలే. అందులో ఒకటి నేను తీసేయడం ఇష్టం లేదు. డైరీకి జవాబు రాయకుండా మూడు రోజులు గడిపాను.

నాలుగో రోజు పుస్తకం చదువుతుంటే మధ్యలో ఒక శబ్దం గుర్తొచ్చింది. ఆవిడ గుడ్డ కోసేటప్పుడు టకటకమని వినిపించేది కాదు. సర్రుమని ఒకటే శబ్దం. పక్కన చదువుకుంటూ ఇన్నేళ్లు విన్నాను, తలెత్తి చూసింది తక్కువ. ఆవిడ కత్తెరను మొన దాకా మూసేది కాదు. సగం మూసి, మళ్లీ తెరిచి ముందుకు తోసేది. గుడ్డ ఎప్పుడూ కత్తెర నోట్లోనే ఉండేది.

ఇక కుర్చీలో కూర్చోలేకపోయాను. పాపను కేకేశాను.

"అవ్వ వద్దనింది ఉత్త కత్తెరను గదా. నోట్లో కాగితం ఉంటే అది ఉత్తది ఎట్లయితాది?"

పాప ఆలోచించింది. "అవ్వ గుడ్డ కోసినప్పుడు కొట్లాట రాలే," అంది.

"రాలే గదా!"

గోడ క్యాలెండరులో అయిపోయిన నెల ఒకటి చించి, వెనక వైపు అడుగు అంచు నుంచి పైకి మెలికల గీత గీశాను. "ఇది ఘాట్ రోడ్డు. కత్తెర బస్సు. రోడ్డు బస్సు నోట్లో నుంచి జారకూడదు." బొటనవేలు పైకి ఉండేలా పట్టించాను. మొదటి మలుపులో పాప మణికట్టు వంకర తిప్పింది, బస్సు గీత దాటింది.

"బస్సును తిప్పొద్దు. ఎడమ చేత్తో కొండను తిప్పు."

"కొండ తిరుగుతాదా!" పకపకా నవ్వి, కాగితాన్ని తిప్పింది. సర్రుమంది. చిన్నగా, ఆగి ఆగి, కానీ అదే శబ్దం.

"తాతా, నీకు వాంతొస్తా ఉండాదా?"

"ఇంగా లేదు. పోనీ, పోనీ!"

"వస్తాది సూడు. నువ్వు లాస్ట్ సీట్లో ఉండావు."

గీత పై అంచు దాకా ఉంది. అంచుకు వేలెడు దూరంలో పాప ఆగిపోయింది. "ఇంగ కోస్తే నోరు ఖాళీ అయిపోతాది. దిగే దోవ గీయి తాతా, బిన్నా!" అని తొందరపెట్టింది.

"ఎక్కిన దోవలోనే దిగు."

"ఎదురు బస్సు గుద్దేస్తాది! దిగే దోవ వేరే గదా, నీకు తెలీదా?"

కొండకు ఎక్కే దోవ ఒకటి, దిగే దోవ ఇంకొకటని తిరుపతి పిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు. పాప కత్తెరను కాగితంలోనే కదలకుండా పట్టుకుంది. నేను దాని మొన దగ్గర నుంచి ఇంకో గీతను అడుగు అంచు దాకా దించాను. తొందరలో మలుపులు ఎక్కువయ్యాయి. ఒక్కటీ వదలకుండా కోసింది. ఇద్దరం అరుస్తున్నాం. ఏమని అరిచామో గుర్తు లేదు.

అడుగు అంచు చేరగానే ఒక ముక్క ఊడి పాప ఒళ్లో పడింది. ఇద్దరం అనుకోలేదు. రెండు దోవల మధ్య మిగిలింది కొండ.

పాప వెంటనే కత్తెర మూసి, సొరుగులో అవ్వ కత్తెర పక్కన పెట్టింది. కొండను రెండు చేతులా పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"ఎవురూ కొట్లాడలే గదా తాతా?"

"ఎవురూ కొట్లాడలే."

"అయితే ఇంగో కొండ గీయి."

క్యాలెండరులో ఇంకో నెల చించాను.