నేను నేనేనని పశువుల డాక్టరు రాసిచ్చారు

తొంభైల చివర్లో నేను పుంగనూరు దగ్గర ఒక హైస్కూలు హెడ్మాస్టరుని. జీతంలో ఎక్కువగా పట్టుకున్న ఆదాయపన్ను వాపసు కోసం రెండేళ్లు మదనపల్లె ఆఫీసు చుట్టూ తిరిగాను. చివరికి గుమాస్తా అసలు జబ్బు కనిపెట్టాడు. జీతం కాగితాల్లో నేను రమణప్పను, పన్ను కాగితాల్లో ఉత్త రమణను.

"ఇద్దరూ ఒకరేనని గెజిటెడ్ ఆఫీసరు రాసియ్యాల సార్."

"నేనే గెజిటెడ్ కదప్పా! ఊళ్లో సగం మందికి పచ్చసిరా సంతకం పెట్టేది నేనే."

"మీకు మీరే పెట్టుకుంటే యెట్ల సార్? మీరెవరో ఇంకా తేలల్యా కదా!"

ఎమ్మార్వో సెలవులో ఉండడంతో మా ఊళ్లో ఇక మిగిలింది పశువుల డాక్టరే. మర్నాడు పొద్దున్నే పశువుల ఆసుపత్రి ముందు వరుసలో నిలబడ్డాను. నా ముందున్న రైతు తిరిగి చూసి, నా చేతిలో పలుపు కోసం వెతికాడు.

"మీ ఆవు యాడుండాది సారూ?"

"ఈపొద్దు నేనే వచ్చినానప్పా."

వరుసంతా గొల్లుమంది. అందులో సగం మంది నా పాత శిష్యులే.

డాక్టరుగారు ఆవుల ఇన్సూరెన్సు రాసే అలవాటులో నా పుట్టుమచ్చలు కూడా రాసి ముద్ర కొట్టారు. "పశువైద్యశాల" అన్న ఆ ముద్రను గుమాస్తా వేలితో తడిమి, "ఇప్పుడు నమ్మకంగా ఉండాది సార్," అన్నాడు. నెలలో డబ్బు వచ్చింది.

మరుసటేడు డాక్టరుగారి వాపసు ఆగింది. ఆయన వచ్చి నా గది ముందు, సంతకాలకొచ్చిన మా బడిపిల్లల వరుసలో నిలబడ్డారు. ఆయన ఆయనేనని నేను రాసిచ్చాను. నేనెవరో చెప్పింది ఆయనే కదా, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

– రమణప్ప (ఉత్త రమణ కూడా నేనే), పుంగనూరు