గేటు బయట సద్ది గిన్నె

తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో మనిషిని పనిలోంచి తీసేస్తే ఆ మాట నోటితో చెప్పేవారు కాదు. పొద్దున అందరం గేటు లోపలి అరుగు మీద సద్ది గిన్నెలు పెట్టి పనిలోకి పోయేవాళ్లం. ఎవరి గిన్నె గేటు బయటికి వస్తే వాడికి ఇక అక్కడ పని లేనట్టే. తల వంచుకొని గిన్నె తీసుకొని ఇంటిదారి పట్టాలి. అదీ మర్యాద అట! ఎనభైల మొదట్లో ఒక కరువు ఏడు నా గిన్నె కూడా బయటికి వచ్చింది. నేను తల వంచలేదు. ఎందుకు వంచాలి?

ఆ ఏడు బావులన్నీ ఎండిపోతే, ఊరూరా వాటినే ఇంకా లోతుకు తవ్వుతున్నారు. మా పల్లె ఫ్యాక్టరీకి కూతవేటు దూరం. ఒక మంగళవారం మధ్యాహ్నం మా చర్చి గంట మోగింది. ఆదివారం కాని రోజు గంట ఆగకుండా మోగిందంటే మాకు ఒకటే అర్థం: ఎవరికో ప్రాణం మీదికి వచ్చింది, చేతిలో పని పారేసి రండి. అంతలోనే మా పల్లె మనిషి ఒకాయన సైకిలు మీద వచ్చి గేటు దగ్గర నుంచే అరిచాడు.

"బాయి దరి ఇరిగి బండ పడిందన్నా! మనిషి కాలు దాని కింద ఉండాది. ఎంతమందిమి పట్టినా లేయడంల్యా!"

బండలెత్తే చైన్ పుల్లీ నడిపేది నేనే. పైన తగిలించి గొలుసు లాగితే పదిమంది కదపలేని బండ కూడా పైకి లేస్తుంది. యజమానిని అడుగుదామంటే ఆయన అనంతపురం పోయాడు. వచ్చేదాకా ఆగితే అక్కడ మనిషి మిగలడు. పుల్లీ విప్పి, దాన్ని వేలాడదీసే మూడు దుంగలతో సహా ఎద్దుల బండిలో వేసుకొని పోయాను.

బావిలోకి దిగితే బండ కింది మనిషి నన్ను చూసి, "ఏమప్పా, బీడీ ఉండాదా?" అన్నాడు. అంత బాధలో! నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చీకటి పడకముందే బయటికి తీశాం. కాలు విరిగింది, ప్రాణం దక్కింది.

మర్నాడు పొద్దున్నే పుల్లీని శుభ్రంగా తుడిచి, ఆయిలు పోసి, తెచ్చి యథాస్థానంలో కట్టాను. మధ్యాహ్నం సద్ది తినడానికి వస్తే నా గిన్నె గేటు బయట ఉంది. పెట్టిన కాపలాదారు నా మొహం చూడలేక పక్కకు తిరిగాడు. నేరుగా యజమాని గదికి పోయాను.

"నిన్న నాగా పెట్టినావు. నన్నడక్కుండా పుల్లీ ఎత్తుకొని పోయినావు," అన్నాడాయన. "నిన్నెవరు పిలిచినారప్పా? ఊళ్లో పెండ్లికి కుక్కల హడావిడి అని!"

"అది పెండ్లి కాదు సామీ. పెండ్లికైతే పిలిస్తే పోతారు. సావుకు పిలవకపోయినా పోతారు."

"నోరు బాగానే ఉండాది. నలుగురి ముందర తప్పయిందను, మళ్ల పోనని చెప్పు. పనిలో పెట్టుకుంటా."

నాగా అంటే పని ఎగ్గొట్టడం. ఆ బావిలో నేను చేసినంత పని ఆ ఫ్యాక్టరీలో ఏనాడూ చేయలేదు. దానికి తప్పయిందని చెప్పాలా? చెప్పనని వచ్చేశాను. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆ కరువులో ఇంకో పని దొరకడం కల్ల. నిజం చెప్పాలంటే భయమేసింది. భయం కంటే కోపం ఎక్కువుంది కాబట్టి నిలబడ్డాను.

"రేప్పొద్దున సద్ది కట్టేదా, వద్దా?" అని మాత్రం అడిగింది నా భార్య.

"కట్టు."

సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి పెట్టి, నంజుకోను ఎర్రగడ్డ ఒకటి ఎక్కువే వేసి కట్టింది. పొద్దున నా గిన్నె నేనే గేటు బయట పెట్టుకొని, దాని పక్కనే నేల మీద కూర్చున్నాను. పాలిషు మిషన్ల దగ్గర పనిచేసే ముసలామె వచ్చింది. లోపలికి పోబోయి ఆగి, తన గిన్నె తెచ్చి నా గిన్నె పక్కన పెట్టింది.

"నా కొడుకూ బాయి పనికే పోతాండాడు. నువ్వు తప్పయిందంటే, రేపు గంట కొడితే ఎవురొస్తారు నాయనా?"

ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. చూస్తుండగానే లోపల అరుగు ఖాళీ అయింది, గేటు బయట గిన్నెలు బారులు తీరాయి. ఆ పొద్దు ఒక్క మిషనూ తిరగలేదు. లోడు కోసం వచ్చిన లారీలు హారన్లు కొడుతుంటే యజమాని బయటికి వచ్చాడు. గిన్నెల్ని చూశాడు, మమ్మల్ని చూశాడు.

"సరేలేప్పా. ఏమీ చెప్పొద్దు. గిన్నె తీసుకొని లోపలికి రా."

అందరూ లేచారు. నేను లేవలేదు.

"బయట పెట్టించింది నువ్వు సామీ. లోపల పెట్టేది గూడ నువ్వే."

మా పల్లెవాళ్లకు చెంబు తగలకుండా దోసిట్లో ఎత్తి నీళ్లు పోసే ఇల్లు ఆయనది. మా గిన్నె ముట్టినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. కాపలాదారు తీయబోతే, నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. లారీ మళ్లీ హారన్ కొట్టింది. ఆయన వంగి, రెండు చేతులతో నా గిన్నె ఎత్తాడు.

"మళ్ల గంట కొడితే?" అని అడిగాడు, నా వైపు చూడకుండా.

"మళ్ల పోతా సామీ. పుల్లీ గూడ తీసుకొనే పోతా."

గిన్నె ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది.