ఉత్త ఫ్లాష్

నరసరావుపేటలో అందరూ ‘పేపరు కాలేషా’ అనేవారు గానీ, నిజానికి కాలేషా ఏ పేపరుకీ నౌకరు కాదు. ‘పల్నాడు కేక’ అనే వారపత్రికకి ఫోటోలు తీసి ఇచ్చేవాడు. వేస్తే వేసినట్టు, లేకపోతే లేదు. ఎడిటరు మల్లికార్జునరావు గారికి బుద్ధి పుడితే బొమ్మ కింద పేరు వేసేవారు, పుట్టకపోతే అదీ లేదు. అయినా మెడలో ఆ యాషికా కెమెరా వేసుకుని సైకిలెక్కితే చాలు, పోలీసు జమేదారు కూడా పక్కకి జరిగి దారిచ్చేవాడు. ఎనభైల్లో కెమెరాకి అంత మర్యాద ఉండేది మరి!

ఆ మర్యాదతోనే వచ్చింది తంటా. రీలుకి పన్నెండే బొమ్మలు. రొంపిచెర్లలో సొసైటీ ఆఫీసు ప్రారంభోత్సవం అంటే ప్రెసిడెంటు చెన్నకేశవులు, ఆయన బామ్మర్ది, బామ్మర్ది వియ్యంకుడు, దండలు తెచ్చినవాడు, దండలు మోసినవాడు, అందరూ మీసాలు దువ్వుకుని నిలబడేవాళ్ళే. ‘ఒరేయ్ కాలేషా, మమ్మల్నొదిలేశావేందిరా!’ అని కేకలు. అందర్నీ తీస్తే అసలు పనికి రీలు మిగలదు. అందుకని ఫోటోలవాళ్ళకో ఉపాయం ఉంది. ఫ్లాష్‌గన్ వెనక ఉన్న బొత్తాం నొక్కితే దీపం ధగ్గుమంటుంది, రీలు మీద ఏమీ పడదు. దాన్ని ఉత్త ఫ్లాష్ అనేవారు. ఆ వెలుగు మొహాన పడితే చాలు, వియ్యంకుడు గారికి కడుపు నిండిపోయేది. తర్వాత పేపర్లో తన బొమ్మ ఏదని అడిగితే, ‘ఎడిటరు గారు కత్తిరించారండీ’ అనేవాడు కాలేషా. ఎడిటర్లు ఉన్నదెందుకు, పాపం!

ఈ ఉత్త ఫ్లాష్ గుట్టు పూర్తిగా తెలిసిన మనిషి ఇంకొకరున్నారు. కాలేషా భార్య మహమూదా. వంటింటి కిటికీకి దుప్పటి కట్టి, ఎర్రబల్బు వేసుకుని ఇద్దరూ ఫోటోలు కడిగేవాళ్ళు. మందునీళ్ళ పళ్ళెం మెల్లగా ఊపడం, కాగితాలు తీగకి క్లిప్పులు పెట్టి ఆరేయడం ఆమె పని. కాగితం మీద మొహాలు తేలుతుంటే ముందుగా చూసేది ఆమే. ‘ఇదుగో, ఈ పెద్దాయన మీసానికి ఒకపక్కే రంగేసుకున్నాడయ్యో!’ అని విరగబడి నవ్వేది. ఊళ్ళో మొహాలన్నీ ఆమె చేతుల్లో తడిసి ఆరినవే. ఆమె మొహం మాత్రం ఒక్క కాగితం మీద కూడా లేదు.

తీయనిచ్చేది కాదు. పటంలో మొహం పెట్టకూడదని చిన్నప్పుడు వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మ, చెప్పిందట. అదొక్కటే అయితే కాలేషా ఎలాగో బతిమాలుకునేవాడు.

“నీ పేపరు బొమ్మలు వారం తిరిగేసరికి బజ్జీల పొట్లాలవుతయ్. నా మొహం నూనె కార్చుకుంటా బజారెంట పోవాలా?” అనేది మహమూదా.

“నీది పేపరుకెందుకిస్తానే? ఇంట్లో పెట్టుకుంటా.”

“ఇంట్లో నేనే ఉన్నా కదయ్యా. ఇంక పటమెందుకు?”

కాలేషా కెమెరా తీసుకెళ్ళి గూట్లో పెట్టేసేవాడు.

కానీ ఉత్త ఫ్లాష్ అంటే ఆమెకి చచ్చేంత సరదా. సాయంత్రం కాలేషా ఇంటికొచ్చి మెడలోంచి కెమెరా తీయబోతే, గడప దగ్గరే అడ్డం నిలబడి “ఉత్తదే కదా?” అని అడిగేది. “ఉత్తదేనే, ఒట్టు” అంటే ఇక చూడాలి! కొంగు నడుముకి దోపి, చెయ్యెత్తి, అచ్చం చెన్నకేశవులు లాగా ఉపన్యాసం ఇచ్చేది. చీపురు నిలబెట్టి జెండావందనం చేసేది. కాలేషా తల వంచి కెమెరా పైఅద్దంలో ఆ మొహం చూస్తూ ఉండిపోయేవాడు. వేలు అసలు మీట మీదే ఉండేది. ఒక్క నొక్కు నొక్కితే ఆమెకి అప్పటికప్పుడు తెలియను కూడా తెలియదు. ఎన్నిసార్లు మనసు లాగిందో! కానీ ఒట్టు వేసి ఉన్నాడాయె. ఫ్లాష్ ధగ్గుమనేది, ఆ నవ్వు అక్కడితో అయిపోయేది.

కాలేషాకి పనిలో ఒక గర్వం ఉండేది. ఎండలో తీసేటప్పుడు సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోవాలి, అయినా తన నీడ బొమ్మలో పడకుండా చూసుకోవాలి. కొత్తగా కెమెరా పట్టినవాళ్ళు అక్కడే తప్పుతారు. “ఇన్నేళ్ళలో నా నీడ ఒక్క ఫోటోలో పడలేదు, తెలుసా?” అని అతను మీసం తిప్పితే మహమూదా ఊరుకుంటుందా!

“నీడే కాదు, నువ్వూ ఏడా లేవుగా. ఊరందర్నీ పేపరెక్కిస్తివి. నీ మొహమేదయ్యా?”

“నన్ను నువ్వు తియ్యి. బదులుగా నిన్ను నేను తీస్తా. బేరమేనా?”

“అమ్మో, చానా గడుసోడివే!” అని చెయ్యి విసిరి లోపలికి పోయేది.

ఒక ఏడు శివరాత్రికి కాలేషా కోటప్పకొండ తిరునాళ్ళలో కట్టే ఎత్తయిన ప్రభల ఫోటోలు తీయడానికి పోయి, ఒక రీలు నింపి, ఇంకో రీలు సగం చేసి, తెల్లారి ఇంటికొచ్చి వాకిట్లో మంచం మీద పడి నిద్రపోయాడు. నిండిన రీలు పేపరుకిచ్చేశాడు. సగం రీలు కెమెరాలోనే ఉంది, తర్వాత చూద్దాంలే అనుకున్నాడు. వారం తిరగలేదు, మహమూదా కళ్ళు పచ్చబడ్డాయి. నాటుమందు పోయించారు, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఎండలు ముదరకముందే ఆమెకి మట్టి ఇచ్చి వచ్చారు. అన్నాళ్ళూ కెమెరా గూట్లోనే పడి ఉంది.

మనిషి పోయిన దుఃఖం ఒక ఎత్తు. ఆ తర్వాత మొదలైంది ఇంకొకటి. కళ్ళు మూసుకుంటే చెన్నకేశవులు మొహం వస్తోంది, ఆయన బామ్మర్ది మొహం వస్తోంది. ఆమెది రావడం లేదు! నవ్వు వినిపిస్తుంది, మొహం చెదిరిపోతుంది. చెంప మీద పుట్టుమచ్చ కుడివైపా, ఎడమవైపా? కెమెరా అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. కళ్ళారా చూసుకున్నది ఎక్కువగా అందులోనేనేమో, ఎంత కొట్టుకున్నా తేలలేదు. అత్త హజ్రా బీని అడుగుదామంటే సిగ్గేసింది. కట్టుకున్న దాని పుట్టుమచ్చ ఎటుందో పోయి ఎవరినడుగుతాడు, పిచ్చివాడు!

ఒకరోజు ఎడిటరు గారు కబురు పంపారు. ముప్పాళ్ళ దగ్గర పత్తి లారీ తగలబడింది, వెంటనే పొమ్మని. కాలేషా గూట్లోంచి కెమెరా తీశాడు. దుమ్ము తుడిచి చూస్తే, లోపలి రీలులో తను తీసినవాటికంటే ఒక బొమ్మ ఎక్కువ అయినట్టు పక్కనున్న అంకె చూపిస్తోంది.

అతను మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజు తెల్లారి కొండ నుంచి రాగానే మహమూదా గడప దగ్గర నిలబడి, నెత్తిన బుట్ట పెట్టుకుని ప్రభ మోసినట్టు ఊగుతూ నవ్వింది. అప్పుడు కూడా ఉత్త ఫ్లాషే కొట్టాడు. కొట్టాడా? ఏమో, వేలు జారి అసలు మీట నొక్కేశాడా? ఒట్టు తప్పాడా? ‘తప్పి ఉంటే బాగుండు అల్లా! ఆ పాపమేదో నాకు చుట్టుకోనీ’ అనుకున్నాడు.

ముప్పాళ్ళ పోలేదు. పత్తి ఎటూ కాలింది.

కిటికీకి దుప్పటి కట్టాడు. రీలు కడిగి, ఆరబెట్టి, ఆ చివరి బొమ్మని కాగితం మీదకి ఎక్కించి, మందునీళ్ళలో వేశాడు. పళ్ళెం తనే ఊపుతున్నాడు. ముందు మంచం కోడు తేలింది. తర్వాత మంచం. తర్వాత చిరుగుల బనీనుతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్న మనిషి.

తనే!

బొమ్మంతా ఒక పక్కకి ఒరిగిపోయింది, సగానికి పైగా ఉత్త నేలే. ఈ మాత్రం దానికా ఇంత ఆశపడ్డాను అని కాలేషా కూలబడబోయాడు. అంతలో ఆ నేల మీద అడుగు నుంచి నల్లగా ఏదో లేచింది. పొద్దుటెండలో సాగిన పొడుగాటి నీడ. తల మీద కొంగు, పక్కలకి పొడుచుకొచ్చిన మోచేతులు, రొమ్ము దగ్గర రెండు చేతులతో అదిమి పట్టుకున్న చిన్న పెట్టె. ఆ నీడ తల పోయి మంచం మీది అతని పాదాలకి ఆనుకుంది.

సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని తీసింది! చెప్పిన పాఠం సగమే గుర్తుపెట్టుకుంది! మొదట నవ్వొచ్చింది అతనికి. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. నీడ తెలియక పడిందా, లేక బేరం గుర్తుండి, మొహం చూపించకుండా తనూ ఇంత చోటు తీసుకుందా? పళ్ళెం అవతల నిలబడి చెప్పడానికి ఆమె లేదు. పుట్టుమచ్చ ఎటువైపో నీడలో కనపడదు. వంటింట్లో ఆ తడి కాగితం పట్టుకుని, ఒక్కసారి ఇటు తిరగవే, ఒక్కసారి, అని ఎంతసేపు ఏడ్చాడో.

ఆ ఏడాది చివర ‘పల్నాడు కేక’ వార్షికోత్సవ సంచిక వేస్తూ, పత్రికకి పనిచేసిన వాళ్ళందరి ఫోటోలూ తెమ్మన్నారు మల్లికార్జునరావు గారు. కాలేషా ఫోటో ఎవరి దగ్గరుంటుంది? ఉన్న ఒక్కటీ కవరులో పెట్టి పట్టుకెళ్ళాడు.

ఎడిటరు గారు కళ్ళజోడు పైకి నెట్టి చూశారు.

“ఇదేందయ్యా, ఇంత మంచి ఫోటోగ్రాఫరువి, నోరు తెరుచుకుని పడుకున్నావు! పైగా ఈ నీడేంది? ఎవడో చేతగానోడు తీశాడు. సర్లే, నీడ కత్తిరించి నీ మొహం వరకూ అచ్చుకి బ్లాకు చేయిస్తా.”

పెన్సిలు తీసి గీత గీయబోయారు. కాలేషా గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ముందు కుర్చీలో కూడా కూర్చోని మనిషి.

“కత్తిరించాలంటే నన్ను కత్తిరించండి సార్. ఆ నీడ జోలికి మాత్రం పోబాకండి.”

“అదేందయ్యా! నీ ఫోటో కదా ఇది?”

“నాది కాదు సార్. మా మహమూదాది. ఇదొక్కటే ఉంది.”

మల్లికార్జునరావు గారు పెన్సిలు కింద పెట్టారు. కాలేషా కాగితాన్ని జాగ్రత్తగా మళ్ళీ కవరులో పెట్టుకున్నాడు.

“పేపర్లో వద్దులెండి. బజ్జీల పొట్లమవుద్దని ఆమెకి భయం” అని చెప్పి సైకిలెక్కాడు.