ఇద్దరం చేరిన ఎంసీఏ

మా ఇంటామె ఎంసీఏ చదువుతానని అన్నప్పుడు పాపకు అప్పుడప్పుడే నడక వస్తోంది. తొంభైల చివరి రోజులు. బాన్సువాడలో కంప్యూటర్ అంటే టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కొత్తగా తెచ్చుకున్నది ఒకటి, బ్యాంకులో గుడ్డ కప్పి ఉంచినది ఒకటి. నాకు మెయిన్ రోడ్డు మీద ట్రాక్టర్ సామాన్ల దుకాణం ఉండేది. బేరింగులు, బెల్టులు, ఫిల్టర్లు అమ్మేవాణ్ని. దుకాణం వెనక కిరాయి ఇంట్లో మేము, అవ్వ అని పిలిచే మా అమ్మ ఉండేవాళ్లం. బాపు కోటగిరి దగ్గర ఊళ్లో పొలం చూసుకుంటూ వారానికోసారి వచ్చిపోయేవాడు.

ఆమె బీఎస్సీ లెక్కలు చదివింది. ఎంట్రన్స్ రాయాలనుకునేలోపే మా పెళ్లి కుదిరింది. ఒకరోజు దుకాణంలో ఒక సామాను చుట్టడానికి తీసిన పాత పేపర్లో ప్రకటన చూసి, ఆ ముక్క చింపి దాచుకుంది. వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ ఇంటి దగ్గరే ఉండి చదువుకునే ఎంసీఏ పెట్టింది. నిజామాబాద్‌లో స్టడీ సెంటర్. ఆదివారాలు మాత్రం పోయి కంప్యూటర్ మీద ప్రాక్టికల్స్ చేసి రావాలి.

ఆ మాట బాపుతో నేనే చెప్పాను. ఆయన చదువుకు అడ్డం చెప్పలేదు, ప్రయాణానికి చెప్పాడు. ఆడమనిషి ఒక్కతే పొద్దున పోయి సాయంత్రం రావడం ఆయనకు నచ్చలేదు. ఇగ మాట అక్కడితో ఆగిపోతుందని నాకు అర్థమైంది. ఏం తోచిందో, నేను కూడా చేరుతున్నానని చెప్పేశాను. నేను బీకాం. ఏ డిగ్రీ ఉన్నా చేర్చుకుంటారు, లెక్కలు చదవనివాళ్లు ఒక లెక్కల పేపరు అదనంగా రాయాలంతే. బాపు నన్ను కాసేపు చూసి, "నువ్వు సదువుతవా?" అన్నాడు. చదువుతానన్నాను. అవ్వ పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. ఆమె నవ్వాపుకోవడానికే పోయిందని మా ఇంటామె తర్వాత చెప్పింది.

అట్లా ఇద్దరం ఎంసీఏలో చేరాం. పుస్తకాలు పోస్టులో రెండు ఒకే రకం కట్టలుగా వచ్చాయి. ఆదివారం పొద్దున బస్సెక్కి నిజామాబాద్ పోయేవాళ్లం. స్టడీ సెంటర్ ఒక బట్టల దుకాణం పైన ఉండేది. నేర్పే సారు మాకంటే చిన్నవాడు. మొదటిరోజు నాకు కంప్యూటర్ ముందున్న కుర్చీ చూపించి, ఆమెను వెనక బల్ల మీద కూర్చోమన్నాడు. ఆమె ఖాళీగా ఉన్న ఇంకో కంప్యూటర్ ముందు పోయి కూర్చుంది. ఆ మధ్యాహ్నానికి ఆమె రాసిన ప్రోగ్రాం నడిచింది. నాది నడవలేదు. ఎక్కడో ఒక సెమికోలన్ మరిచిపోయానట.

మొదటి ఆరునెలలు నేను నిజంగానే కష్టపడ్డాను. దుకాణంలో గిరాకీ లేనప్పుడు కౌంటర్ మీద పుస్తకం పెట్టుకుని చదివేవాణ్ని. సి భాషలో పాయింటర్లనే పాఠం దగ్గర పూర్తిగా ఆగిపోయాను. ఎన్నిసార్లు చదివినా ఒక్క ముక్క ఎక్కలేదు. ఒక మధ్యాహ్నం ఆమె అన్నం గిన్నె తెచ్చి కౌంటర్ మీద పెట్టి, నా పుస్తకం చూసి, గోడకున్న ర్యాకుల వైపు చెయ్యి చూపించింది.

"బేరింగ్ ఏడుందని అడిగితె నువ్వేం జెప్తవు?"

"నాలుగో ర్యాకు, రెండో అర."

"గది చిట్టీ మీద రాసిస్తె, చిట్టీ బేరింగ్ అయితదా? కాదు గద. పాయింటర్ గంతే. సామాన్ కాదు, సామాన్ ఏడుందో చెప్పే చిట్టీ."

అది నాకు ఇప్పటికీ గుర్తుంది. పరీక్షలో ఆ ప్రశ్న ఒక్కటే బాగా రాశాను. ఫలితాలు వచ్చినప్పుడు ఆమె అన్నీ పాసైంది. నాకు లెక్కల పేపరుతో పాటు ఇంకొకటి పోయింది. మళ్లీ రాశాను, మళ్లీ పోయింది. ఆమె నాకు చెప్పడానికి కూర్చుంటే ఆమె చదువు వెనకబడుతోందని గమనించాను. రెండో ఏడు మొదలయ్యేసరికి నేను మానేశాను. బాధపడ్డానంటే పడ్డాను. దుకాణానికి వచ్చేవాళ్లు ఎంసీఏ ఎందాక వచ్చిందని అడిగినప్పుడల్లా ఏదో ఒక పని కల్పించుకుని లోపలికి పోయేవాణ్ని. కొన్నాళ్లకు అడగడం మానేశారు.

కానీ నేను మానేస్తే ఆమెతో ఎవరు పోవాలి? ఈ సంగతి బాపుకు తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. శనివారం సాయంత్రమే ఊరి నుంచి వచ్చాడు. ఆదివారం పొద్దున ఇస్త్రీ చేసిన ధోతి కట్టుకుని, తానే పోతానన్నాడు. ఆమె నా వైపు చూసింది. ఇద్దరూ బస్సెక్కారు. ఆ రోజంతా దుకాణంలో నా మనసు నిలవలేదు. బాపు అక్కడ ఏం చూస్తాడో, వచ్చి ఏమంటాడో అనే ఫికర్.

సాయంత్రం దిగారు. బాపు కాళ్లు కడుక్కుని, టీ తాగి, అవ్వతో అన్నాడు: "గాడ పిలగాండ్లందరు ఏది రాకున్న దీన్నే అడుగుతుండ్రు. సారు గూడ ఓసారి ఒచ్చి అడిగిండు." ఈసారి ఆమెతోనే అన్నాడు: "నువ్వొక్కదానివే పోయిరా బిడ్డా. నాకు ఆ బల్ల మీద నడుం నొస్తది."

ఆ తర్వాత ఆమె ఒక్కతే పోయివచ్చేది. బస్టాండులో దింపి రావడం, సాయంత్రం తెచ్చుకోవడం వరకే నా పని.

మూడో ఏడులో ఒక ఆదివారం ఆమె మధ్యాహ్నానికే తిరిగి వచ్చింది. స్టడీ సెంటర్ షటర్ మూసి ఉందట. తాళానికి పైన ఒక కాగితం అంటించారు. యూనివర్సిటీ మా వైపు సెంటర్లన్నీ ఎత్తేసిందని అందులో రాసి ఉందట. నేర్పే సారు అప్పటికే హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఆమె అన్నం తినలేదు. మంచం మీద పుస్తకాలు పరుచుకుని, వాటిని చదవకుండా చూస్తూ కూర్చుంది. అన్నేళ్లలో ఆమె అధైర్యపడగా నేను చూసింది అప్పుడే. యూనివర్సిటీకి ఫోన్ల మీద ఫోన్లు చేశాం. చాలా రోజులకు గానీ ఒక జవాబు రాలేదు. మిగిలిన చదువంతా ఆన్‌లైన్‌లో పూర్తి చేసుకోవచ్చని, పాఠాలు వెబ్‌సైట్‌లో పెడతామని, రాసిన పని ఈమెయిల్‌లో పంపాలని, ఆఖరి పరీక్షలకు మాత్రం హైదరాబాద్ రావాలని చెప్పారు.

బాన్సువాడలో అప్పటికి ఒక నెట్ సెంటర్ వచ్చింది. బస్టాండుకు దగ్గర్లో, ఫోన్ లైన్ మీద నడిచేది. ఒక్కో కంప్యూటర్ చుట్టూ పరదాలు కట్టి ఉండేవి. కాలేజీ పిల్లలతో నిండి ఉండే ఆ సెంటర్‌లోకి ఆడవాళ్లు పోయేవాళ్లు కాదు. మొదటిరోజు నేనూ వెంట పోయాను. నడిపే ఆయన మమ్మల్ని చూసి, తన కౌంటర్ పక్కనున్న బల్ల ఖాళీ చేసి, పరదా లేకుండా ఒక కంప్యూటర్ అక్కడ పెట్టించాడు. "అక్క, మీరు ఈడ కూసోండ్రి, ఎవరు రారు" అన్నాడు. ఒక పాఠం తెరపైకి రావడానికి చాయ్ తాగి వచ్చేంత సమయం పట్టేది. పంపుతుండగా లైన్ తెగితే మళ్లీ మొదటినుంచి. పిట్లం వైపు వాన పడితే చాలు, ఆ రోజుకు ఇక లైన్ లేదనుకోవాల్సిందే. అయినా ఆమె వదల్లేదు.

చివర్లో ప్రాజెక్టు చేయాలి. ఎవరికైనా పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేసి చూపించాలి. ఆమెతో చదివిన చాలామంది హైదరాబాద్‌లో తయారుచేసి అమ్మేవాటిని కొని, పేరు మార్చి పెట్టేస్తున్నారని విన్నాం. తెచ్చిపెట్టనా అని అడిగాను. వద్దంది. దుకాణం వెనక గదిలో అప్పటికి ఒక పాత కంప్యూటర్ కొనిపెట్టాం. నేను ఆ ఏడే ఇద్దరితో కలిసి ఒక వరికోత మిషన్ తెచ్చి కిరాయికి నడుపుతున్నాను. కోతల కాలంలో ఎవరి పొలానికి ఎప్పుడు పంపాలో చూసే పని నాదే. ఆమె దాన్నే ప్రాజెక్టుగా తీసుకుంది.

నన్ను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. ముందు అడిగినవాళ్లకు ముందు పంపుతావా? లేదన్నాను. మరి ఎట్లా? వడ్లు రాలిపోయేలా ఉంటే వాళ్లకు ముందు, ఇంట్లో పెళ్లుంటే వాళ్లకు ముందు, మబ్బు పట్టిన వైపుకు ముందు. ఆమె అన్నీ విని, ఇవి కంప్యూటర్‌కు ఎట్లా చెప్పాలని నన్నే అడిగింది. నాకు తెలిస్తే నేనే పాసయ్యేవాణ్ని కదా అన్నాను. ఇద్దరం నవ్వాం.

ఆమె మొదట తయారుచేసిన దాని ప్రకారం మిషన్ పొద్దున కోటగిరి, మధ్యాహ్నం పిట్లం, సాయంత్రం మళ్లీ కోటగిరి పోవాలి. "గిట్ల తిప్పితె కోసుడు కంటె తిరుగుడే ఎక్కువైతది" అన్నాను. ఆమె నొచ్చుకుంది గానీ, మరునాటి నుంచి ఊళ్లను దారివారీగా గుంపులు కట్టడం మొదలుపెట్టింది. ఆ కోతలు అయిపోయేలోపు అది సరిగా పనిచేయసాగింది. నేను దాని మాట అన్నిసార్లూ వినలేదు గానీ, వినని రోజున ఎందుకు వినలేదో ఆమెకు చెప్పాల్సి వచ్చేది.

హైదరాబాద్‌లో ఆఖరి పరీక్షకు ఇద్దరం పోయాం. నన్నూ లోపలికి రానిచ్చారు. పరీక్ష తీసుకునే పెద్దాయన ప్రాజెక్టు పేజీలు తిప్పి, "ఏ షాపులో కొన్నారమ్మా?" అని మామూలుగా అడిగాడు. పొద్దుటినుంచి అందరినీ అదే అడుగుతున్నాడు.

"కొనలే సార్. మా ఆయన కోత మిషన్‌ది. నేనే రాసిన."

ఆయన నా వైపు ఒకసారి చూశాడు. ఒక మిషన్ కాకుండా రెండుంటే పని ఎట్లా పంచుతారో అక్కడే మార్చి చూపించమన్నాడు. ఆమె అక్కడున్న కంప్యూటర్ ముందు కూర్చుంది. మొదటిసారి తప్పు వచ్చింది. ఆయన చాయ్ తాగివస్తానని లేచి బయటికి పోయాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన వచ్చేసరికి తెర మీద రెండు మిషన్లు వేర్వేరు ఊళ్లకు పోతున్నాయి. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మార్కుల కాగితం మీద సంతకం పెట్టాడు. ఆమె ఫస్ట్ క్లాసులో పాసైంది.

తర్వాతంతా తేలికగా జరగలేదు. నిజామాబాద్‌లో ఒక కాలేజీ వాళ్లు సర్టిఫికెట్ చూసి, ఇది రెగ్యులర్ కాదు కదమ్మా అని వెనక్కి ఇచ్చారు. ఇంకో చోట ఆ యూనివర్సిటీకి మన దగ్గర గుర్తింపు ఉందా అని అడిగారు. ఉందని కాగితాలు తెప్పించి చూపించేలోపు వేరేవాళ్లను తీసుకున్నారు. చివరికి బాన్సువాడలోనే ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు క్లాసు చెప్పించి చూసి తీసుకున్నారు. ఆమె అక్కడ చాలా ఏళ్లు పాఠాలు చెప్పింది.

ఒకసారి జుక్కల్ వైపు తండా నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఇంటికి వచ్చింది. పెళ్లి కుదిరిందట, పెళ్లయ్యాక ఆన్‌లైన్‌లో ఎంసీఏ చేయొచ్చా అని అడిగింది. నేను అప్పుడు వరండాలో ఉన్నాను. మా ఇంటామె తన చదువు గురించి గొప్పగా చెబుతుందనుకున్నాను.

"చెయ్యొచ్చు. సదువైతె ఒస్తది," అంది ఆమె. "నౌకరికి పోయినప్పుడు మాత్రం ఏడ సదివినవని అడుగుతరు. యూనివర్సిటీకి గుర్తింపుందో లేదో ముందుగాల సూసుకో. ఇంకోటి, పనంతా నీ చేతితోని నువ్వే చెయ్యి."

ఆ పిల్ల తలూపింది. తర్వాత ఇద్దరూ లోపలికి పోయి, ఏ యూనివర్సిటీలు ఉన్నాయో కంప్యూటర్‌లో వెతకడం మొదలుపెట్టారు.