మా మామ తెచ్చిన కొరియా ఇల్లు

ఆ రోజుల్లో దూరదేశం పోయొచ్చిన మనిషిని ఊరు ముందు అడిగేది ఒకటే, ఏం తెచ్చినావని. రంగూన్ పోయినవాళ్లు టేకు పెట్టెలు తెచ్చేవాళ్లు, సింగపూరు పోయినవాళ్లు గొడుగులూ గోడగడియారాలూ తెచ్చేవాళ్లు. మా మేనమామ పటాలంలో చేరి కొరియా దాకా పోయి, ఒట్టి చేతులతో తిరిగొచ్చినాడు. ఇరుగమ్మ పొరుగమ్మలకు ఏం చూపించాలో తెలీక మా అవ్వ (అంటే మామను కన్నతల్లి, మా అమ్మకూ అమ్మే) చాన్నాళ్లు కుంగిపోయింది. ఆయన పటాలం వదిలేసి ఊళ్లో స్థిరపడినాక గానీ మాకు తెలీలేదు, తెచ్చింది పెట్టెలో పట్టేది కాదని. మామ ఒక ఇంటిని తలలో పెట్టుకొచ్చినాడు.

అక్కడ ఆయనది యుద్ధంలో గాయపడినవాళ్లను మోసే పని. ఒకసారి మందులు తీసకపోతా మంచులో చిక్కుకుంటే ఒక ముసలమ్మ లోపలికి పిలిచి నేలమీద పడుకోబెట్టిందంట. ఆ నేల కన్నతల్లి ఒడిలాగా వెచ్చగా ఉండిందంట. వంటింట్లో పొయ్యి వెలిగిస్తే పొగా సెగా పక్కగది నేలకింద రాతికాలవల్లో పాకి, అవతలి గోడ బయట గొట్టంలోంచి పోతాయంట. తలుపులకు చెక్క బదులు సన్నని కమ్ములమీద కాగితం అతికిస్తారంట, దాంట్లోంచి వెలుతురు మీగడలాగా దిగుతుందంట. చూరు కొసలు పైకి లేచి, ఎగరబోయే కొంగ రెక్కల్లాగా ఉంటాయంట. ఈ చివరిది చెప్పేటప్పుడు మామ రెండు చేతులూ చాపి చూపించేవాడు. మేము నవ్వితే ఆయనా నవ్వేవాడు గానీ చేతులు మాత్రం దించేవాడు కాదు.

చిట్టమూరుకు అవతల, ఉప్పుగాలి తప్ప చల్లదనం ఎరగని మా ఊళ్లో మామ వెచ్చటి నేల కట్టడానికి పూనుకున్నాడు. మేస్త్రి విని, మనకు పైనుంచి కాలేది చాలదా అయ్యా అన్నాడు. మామ వినలేదు. మా వంటింటికి ఆనించి గది వేసి, పొయ్యి నుంచి నేలకింద కాలవలు తీసి, వాటిమీద కడప రాళ్లు పరిచి, మందపాటి కాగితం పొరలుపొరలుగా అతికించి, దానిమీద ఆముదం పట్టించినాడు. కొరియాలో ఏ నూనె పూస్తారో ఆయనకు తెలీదు, మా ఇంట్లో పుష్కలంగా ఉండింది ఆముదం. చూరు కొసలు పైకి లేపించి, తలుపులకు కాగితం అతికించినాడు. వాకిలి తలుపు ఎత్తు తక్కువగా పెట్టించినాడు, ఎంతటివాడైనా తల వంచి రావాలంట. గుర్తుంచుకున్నవాళ్లు వంచినారు, మరిచిపోయినవాళ్లు బొప్పి కట్టించుకుని పోయినారు.

ఇక చూడ్డానికొచ్చే జనం. సంతకు పోయేవాళ్లు బండి ఆపి మరీ వచ్చేవాళ్లు, నెల్లూరు చుట్టాలు తమ చుట్టాలను వెంటబెట్టుకొచ్చేవాళ్లు. మామ ప్రతివాళ్లనూ కాళ్లు కడిగించి, లోపల కూర్చోబెట్టి, ముసలమ్మ కథ మొదటినుంచీ చెప్పేవాడు. అందరూ గదే చూసినారు, చూరే చూసినారు. వంటిల్లు చూసినవాళ్లు లేరు. ఆ పొయ్యి పొగంతా నేలకిందికి పోతుండేసరికి, పుట్టినప్పట్నుంచీ కళ్లు నులుముకుంటా వండిన మా అవ్వ మొదటిసారి పొడి కళ్లతో వంట చేసింది. ఆమె దాన్ని పెద్దగా పొగడలేదు. వంట అయినాక కూడా కాసేపు ఆ పొయ్యి ముందరే కూర్చునేది, అంతే.

అంతలో నాకు సంగం అనే ఊరినుంచి సంబంధం వచ్చింది. చైత్రమాసం, మిట్టమధ్యాహ్నం. పెళ్లికొడుకూ, వాళ్ల నాయనా, మధ్యవర్తీ వచ్చినారు. పెళ్లికొడుకు నాయన్ని సంగం పెద్దాయన అనేవాళ్లు, నిలువెత్తు మనిషి, చలవ చేసిన తెల్లటి పంచె. మామ వాళ్లను మా పాత వసారాలో కూర్చోబెట్టి ఉంటే నా కథ వేరేగా ఉండేదేమో. ఇంత మంచి గది ఉంటే వసారా ఎందుకన్నాడు. చాప కూడా వద్దన్నాడు (చాప వేస్తే నేల సుఖం తెలవదంట). అవతల అవ్వా అమ్మా పొద్దున్నుంచీ బూరెలకూ గారెలకూ ఆ పొయ్యిమీదే బాణలి పెట్టినారన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నేను తలుపు కాగితానికి ఉన్న చిన్న చిరుగులోంచి చూస్తా ఉండాను. పెద్దాయన ముందు కుడిపక్కకు ఒరిగినాడు, తర్వాత ఎడమపక్కకు. పెద్దరికం అడ్డమొచ్చి కొంతసేపు ఓర్చుకున్నాడు. చివరికి గొంతు సవరించుకుని, "ఏమయ్యా, మీ ఇంట్లో నేల కాలతా ఉండాదే" అన్నాడు.

మామ మొహం వెలిగిపోయింది. "తెలిసిందా పెద్దాయనా. చానామందికి ఇంత తొందరగా తెలవదు" అని ముసలమ్మ కథ ఎత్తుకున్నాడు.

కథ మంచు దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన లేచి నిలబడినాడు. వేడికి ఆముదం పైకి తేలి, ఆ తెల్లటి పంచె వెనకంతా పసుపుపచ్చగా అచ్చు పడింది. అది తెలిసి ఆయన గబగబా బయటికి నడిచినాడు, తల వంచడం మరిచిపోయినాడు. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించిందని అవ్వ తర్వాత చెప్పింది. అప్పుడు పెళ్లికొడుకు నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వినాడు. ఇవతల నేనూ నవ్వినాను. చిరుగులో కనిపించిన నా కన్నును చూసి ఇంకా నవ్వినాడు. నన్ను ఆయన చూసింది అంతే, ఒక కన్ను. ఆ నవ్వు చూసినాక ఈ మనిషితో బతకొచ్చు అనిపించింది నాకు.

వారానికి మధ్యవర్తి వచ్చి మెల్లిగా చెప్పినాడు. పిల్లను గురించి వాళ్లకు ఏ అభ్యంతరమూ లేదంట, ఇంటికొచ్చినవాళ్లను పెనంమీద కూర్చోబెట్టే వంశంతో మాత్రం వియ్యం వద్దంట. అమ్మ ఏడ్చింది. మామ గడ్డపార తీసుకుని పోయి, నేలకింది కాలవ మొదలును పగలగొట్టి, మట్టీ రాళ్లూ పోసి పూడ్చేసినాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"నా పిచ్చివల్ల నీ సంబంధం చెడిపోయె అమ్మే" అన్నాడు.

"పోతే పోయింది లే మామా. అవునుగానీ, ఎండాకాలంలో ఆ దేశమోళ్లు ఏం చేస్తారు?"

మామ గడ్డపార పక్కన పెట్టినాడు. "నేను చలికాలంలో పోయినా, మంచు కరక్కముందే వచ్చేసినా. వాళ్ల ఎండాకాలం నేను చూళ్లేదే."

మళ్లీ ఎవరికీ ఆయన కొరియా మాట చెప్పలేదు. చూడ్డానికొచ్చినవాళ్లను వాకిట్లోంచే పంపించేవాడు. అవ్వ వంటింట్లో మళ్లీ పొగ నిండింది. కళ్లు తుడుచుకుంటా వండుకుందేగానీ, బాగుచెయ్యరా అని ఆమె అడగలేదు, అడిగితే కొడుకు నొచ్చుకుంటాడని. ఆ ఏటి కార్తీకం తుఫానుకు చూరు కొసలు లేచిపోయినాయి. నాకు వేరేచోట పెళ్లయింది. మంచి మనిషే, నెమ్మదస్థుడు, నవ్వడం మాత్రం తక్కువ.

మొన్నామధ్య మనవరాలు కంపెనీ పనిమీద కొరియా పోతా, రా అవ్వా అని నన్నూ తీసకపోయింది. అక్కడ పాతకాలపు ఇళ్లను వచ్చేపోయేవాళ్లు చూడ్డానికని భద్రంగా పెట్టినారు. ఒక ఇంట్లో, వెచ్చటి గదికి ఆనుకునే చెక్కనేల చావడి ఉంది. నేలకూ భూమికీ మధ్య ఖాళీ, గాలి కిందనుంచి కూడా ఆడుతుంది. చూపించే అమ్మాయి కాగితం తలుపులను పైకెత్తి, దూలానికి వేలాడే కొక్కేలకు తగిలించింది. గోడే లేనట్టు గాలి దూసుకొచ్చింది. ఎండాకాలం ఇంటిల్లిపాదీ ఇక్కడే ఉంటారని చెప్పిందని మనవరాలు తెలుగులో చెప్పింది. మా ఊరికి కావలసింది ఈ సగం. మామ చూసింది ఆ సగం. చెబుదామంటే ఆయన పోయి ఎన్నో ఏళ్లయింది. ఆ చెక్కలమీద కూర్చుండిపోయినాను, వెనకవాళ్లకు దారివ్వమని మనవరాలు వచ్చి పిలిచిందాకా.

మా బస మాత్రం మేఘాలు తగిలే మేడలో, అంతా అద్దాలే. గదిలో చెప్పులు విప్పి కాలు పెడితే నేల వెచ్చగా తగిలింది. ఇప్పుడు పొయ్యి లేదు, రాళ్లకింద వేడినీళ్ల గొట్టాలంట. మెత్తటి మంచం వదిలేసి నేలమీదే పడుకున్నాను. నా మోకాళ్ల నొప్పులకు అంత హాయి ఏ తైలమూ ఇవ్వలేదు. తెల్లారి లేవబోతే మాత్రం లేవలేకపోయినాను. మనవరాలు రెండు చంకల్లో చేతులేసి లేపి, రేపట్నుంచి మంచమ్మీద పడుకోకపోతే ఇంటికి పంపించేస్తానని గట్టిగా చెప్పింది. సరే తల్లీ అన్నాను. (మర్నాడూ కిందే పడుకున్నాను.)